పది బై ఆరు: పాత మోడల్ ఇంజిన్లకు ప్రొపెల్లర్ కూర్చే విద్య

పాత మోడల్ విమాన ఇంజిన్ చేతికి వచ్చినవాళ్లు ముందు పిస్టన్ బిగువు చూస్తారు. క్రాంక్ షాఫ్ట్ పట్టుకుని అటూ ఇటూ కదిపి అరుగుదల ఎంతుందో చూస్తారు. నీడిల్ వాల్వ్ వంగిందా, మరలు చెడిపోయాయా అని చూస్తారు. ఏ ప్రొపెల్లర్ బిగించాలన్న ప్రశ్న అన్నిటికన్నా చివర వస్తుంది. చాలాసార్లు పెట్టెలో ఏది దొరికితే అది బిగించి తిప్పేస్తారు. అసలు ఆ ఇంజిన్ నిలకడగా నడుస్తుందా, వేడెక్కి ఆగిపోతుందా, ఏళ్ల తరబడి మన్నుతుందా, ఒక్క మధ్యాహ్నంలో కనెక్టింగ్ రాడ్ విరుచుకుని కూర్చుంటుందా అన్నది చాలావరకు తేల్చేది ఆ ప్రొపెల్లరే. ఇంజిన్‌కు ఫ్లైవీలూ అదే, చల్లబరిచే ఫ్యానూ అదే, అది మోయవలసిన బరువూ అదే. ఇంజిన్ తయారుచేసినవాడు సగం పనే పూర్తిచేశాడు. మిగతా సగం ప్రొపెల్లర్ కూర్చేవాడి చేతిలో ఉంది.

ఆ సగంలో ఎంత పనితనం ఉందో చూపించడానికి ఫాక్స్ 35 స్టంట్‌ను మించిన ఉదాహరణ నాకు తెలియదు. అమెరికాలో డ్యూక్ ఫాక్స్ 1940ల చివర్లో తెచ్చిన ఇంజిన్ ఇది. పేరులోని 35 అంటే 0.35 ఘనపు అంగుళాలు, సుమారు 5.7 సీసీ. ఉక్కు సిలిండర్‌లో ఇనుప పిస్టన్, కంచు బుష్‌లో తిరిగే క్రాంక్ షాఫ్ట్. బాల్ బేరింగులు లేవు. రెండు సన్నని ఉక్కు తీగల చివర, పైలట్ చుట్టూ వలయంగా తిరుగుతూ విన్యాసాలు చేసే కంట్రోల్ లైన్ విమానాల కోసం పుట్టింది. జార్జ్ ఆల్డ్రిచ్ రూపొందించిన నోబ్లర్ లాంటి పేరున్న స్టంట్ విమానాల ముక్కున ఒక తరం పాటు ఇదే ఉంది. దానికి జోడీగా కుదిరిన ప్రొపెల్లర్ 10×6 చెక్క ప్రొపెల్లర్. ఈ ఇంజిన్‌ను ఎగరేసిన పాతకాపులను కదిపితే మొదట వినపడే మాట ‘పది ఆరు’. ఆ రెండు అంకెల్లో ఇంజిన్ స్వభావం, విమానం వేగం, తీగల పొడవు అన్నీ సర్దుకుని ఉన్నాయి. అవి ఎలా సర్దుకున్నాయో విప్పి చూడటమే ఈ వ్యాసం పని.

రెండు అంకెల వెనక లెక్క

ప్రొపెల్లర్ మీద ముద్రించిన మొదటి అంకె దాని కొస నుంచి కొసకు ఉన్న పొడవు, అంగుళాల్లో. రెండోది పిచ్. గాలిలో ఏమాత్రం జారకుండా ఒక చుట్టు తిరిగితే ప్రొపెల్లర్ ఎన్ని అంగుళాలు ముందుకు పోతుందో ఆ దూరం. 10×6 ప్రొపెల్లర్ నిమిషానికి పది వేల చుట్లు తిరిగితే, జారుడు లేదనుకుంటే గంటకు 91 కిలోమీటర్లు ముందుకు సాగుతుంది. దీన్ని పిచ్ వేగం అందాం.

ఇంజిన్ మీద పడే బరువు ఈ రెండు అంకెల నుంచే పుడుతుంది, కానీ రెండింటి నుంచీ సమానంగా కాదు. మోడలర్లు వాడే ఉజ్జాయింపు సూత్రం ప్రకారం బరువు పిచ్‌తో పాటు నేరుగా పెరుగుతుంది. పొడవుతో మాత్రం నాలుగో ఘాతంలో పెరుగుతుంది. తిరిగే వేగంతో మూడో ఘాతంలో పెరుగుతుంది. 10×6కు ఈ లెక్క కడితే 60,000 అనే సంఖ్య వస్తుంది. 11×4కు 58,564, 9×9కు 59,049. కాగితం మీద మూడూ ఇంజిన్‌కు ఇంచుమించు ఒకే బరువు. చేసే పనులు మాత్రం మూడు వేరు. ఇది సైకిల్ గేర్ల లాంటి వ్యవహారం: 11×4 మెట్ట ఎక్కడానికి, 9×9 చదును రోడ్డు మీద పరిగెత్తడానికి, 10×6 రెండింటికీ మధ్య. తొక్కేవాడి కాళ్ల బలం ఒకటే, దాన్ని ఎలా ఖర్చుపెట్టాలన్నదే తేడా.

ఇప్పుడు పొడవు ఒక్క అంగుళం పెంచి చూడండి. 11×6 బిగిస్తే బరువు 46 శాతం పెరుగుతుంది. ఇంజిన్ శక్తి అంతే ఉందనుకుంటే పది వేల చుట్లు 8,800కు దిగిపోతాయి. అదే పొడవు ఉంచి పిచ్‌ను 6 నుంచి 5కు తగ్గిస్తే చుట్లు 10,600కు పెరుగుతాయి గానీ పిచ్ వేగం 91 నుంచి 81కి పడిపోతుంది. ఇంజిన్ ఎక్కువ మోత చేస్తుంది, విమానం నెమ్మదిగా పోతుంది. ఇక పాత చేతులకు బాగా ఇష్టమైన చిట్కా ఇది: 10×6 రెండు కొసల నుంచీ పావు అంగుళం చొప్పున కోసి 9½×6 చేస్తే బరువు దాదాపు 19 శాతం తగ్గి, చుట్లు 700 దాకా పెరుగుతాయి. కొత్త ప్రొపెల్లర్ కొనకుండా, చిన్న రంపంతో, ఆకురాయితో చేసే సవరణ ఇది. నాలుగో ఘాతం తెలిసినవాళ్లు కొసల దగ్గర పావు అంగుళాన్ని చాలా గౌరవంగా చూస్తారు.

ఈ సూత్రం దారి చూపుతుంది, గమ్యం చేర్చదు. బ్లేడు వెడల్పు, మందం, కొసల ఆకారం మారితే అదే 10×6 ముద్ర ఉన్న రెండు ప్రొపెల్లర్ల బరువుల్లో స్పష్టమైన తేడా ఉంటుంది. అందుకే పనితనం తెలిసినవాళ్లు అంకెతో మొదలుపెట్టి చెవితో ముగిస్తారు.

సీసీ ఒక్కటే చాలదు

ఇంజిన్ పరిమాణాన్ని బట్టి ప్రొపెల్లర్ ఎంచుకోవడం ఈనాటి పద్ధతి. పట్టికలో సీసీ చూడటం, ఎదురుగా ఉన్న అంకె కొనడం. కొత్త ఇంజిన్లకు అది చాలావరకు నడుస్తుంది. పాత వాటికి నడవదు, ఎందుకంటే ఒకే సీసీ వేరు వేరు కాలాల్లో వేరు వేరు పనులు చేసింది.

బ్రౌన్ జూనియర్‌ను తీసుకోండి. 1930ల తొలినాళ్లలో అమెరికాలోని ఫిలడెల్ఫియా ప్రాంతపు యువకుడు విలియం బ్రౌన్ తయారుచేసిన ఇంజిన్ అది. 1933 జాతీయ పోటీల్లో మాక్స్‌వెల్ బాసెట్ ఈ ఇంజిన్ బిగించిన మోడళ్లతో రబ్బరు శక్తితో ఎగిరే మోడళ్లను ఓడించాకే పెట్రోలు ఇంజిన్లకు విడి విభాగం అవసరమైంది. పరిమాణం 0.60 ఘనపు అంగుళాలు, పది సీసీకి కాస్త తక్కువ. అంత పరిమాణం ఉన్న ఈనాటి ఇంజిన్ 11 అంగుళాల ప్రొపెల్లర్‌ను పన్నెండు వేలకు పైగా తిప్పుతుంది. బ్రౌన్ ఇచ్చే శక్తి సుమారు అయిదో వంతు హార్స్‌పవర్. అది సుఖంగా నడిచేది 14×6 లాంటి పెద్ద చెక్క ప్రొపెల్లర్‌తో, అయిదారు వేల చుట్ల దగ్గర. స్పార్క్ ప్లగ్, కాయిల్, కండెన్సర్, బ్యాటరీలు అన్నీ మోసుకుని నెమ్మదిగా తేలే పెద్ద రెక్కల విమానానికి అదే కావాలి. 5,500 చుట్ల దగ్గర 14×6 పిచ్ వేగం గంటకు 50 కిలోమీటర్లు. ఎక్కువ గాలిని నెమ్మదిగా వెనక్కు నెట్టడం తక్కువ గాలిని వేగంగా నెట్టడం కంటే పొదుపైన పద్ధతి; నిదానంగా ఎగిరే విమానానికి పెద్ద ప్రొపెల్లర్ అందుకే లాభం.

అదే బ్రౌన్‌కు 10×6 బిగిస్తే ఏమవుతుంది? లెక్క ప్రకారం 8,600 దాకా పరిగెత్తాలి. ఆ ఇంజిన్ అక్కడికి చేరలేదు. పోర్టుల అమరిక, పిస్టన్ బరువు, బ్రేకర్ పాయింట్లు ఏవీ ఆ వేగం కోసం చేసినవి కావు. అది అదురుతుంది, అరుస్తుంది, విమానాన్ని మాత్రం లాగదు. చూసేవాళ్లు ఇంజిన్ పాతబడిందంటారు. పాతబడింది ఇంజిన్ కాదు, తప్పు పని దానికి అప్పగించారు.

ఇంగ్లండ్‌లో 1946లో వచ్చిన మిల్స్ 1.3 డీజిల్‌ది ఇంకో స్వభావం. స్పార్కు లేదు, గ్లో ప్లగ్ లేదు. ఈథర్, కిరోసిన్, ఆముదం కలిపిన ఇంధనం ఒత్తిడికే మండుతుంది. సిలిండర్ పైన అడ్డుకడ్డీ తిప్పితే కాంట్రా పిస్టన్ దిగి ఒత్తిడి పెరుగుతుంది. చిన్న ఇంజిన్ అయినా లాగే తీరు పెద్దది. 9×4 లాంటి ప్రొపెల్లర్‌ను ఏడెనిమిది వేల ప్రాంతంలో హాయిగా తిప్పుతుంది. పరిమాణంలో దీనికన్నా మరీ చిన్నదేమీ కాని గ్లో ఇంజిన్‌కు అంత పెద్ద ప్రొపెల్లర్ బిగిస్తే గుడగుడలాడి ఆగిపోతుంది. డీజిల్‌కు ఆ బరువు కావాలి. ప్రతి మంటా ఒక సమ్మెట దెబ్బ కాబట్టి, ఒక దెబ్బ నుంచి ఇంకో దెబ్బ దాకా పిస్టన్‌ను దాటించే జడత్వం ప్రొపెల్లరే ఇవ్వాలి.

అన్నిటికన్నా చక్కని పాఠం కాక్స్ ఇంజిన్లు చెబుతాయి. కాలిఫోర్నియాలో రాయ్ కాక్స్ కంపెనీ చేసిన బేబ్ బీ, టీ డీ రెండూ 0.049 ఘనపు అంగుళాలే, అంటే 0.8 సీసీ. బేబ్ బీకి వెనక రీడ్ వాల్వ్, దానికి అతుక్కునే ఇంధన ట్యాంకు. పిల్లల చేతికి ఇవ్వదగ్గ సాధువు. 6×3 నైలాన్ ప్రొపెల్లర్‌తో పన్నెండు పదమూడు వేల దగ్గర సంతోషంగా ఉంటుంది. టీ డీకి గాలి క్రాంక్ షాఫ్ట్ లోంచి వస్తుంది, పోర్టులు విశాలం; దానికి 5×3 ఇస్తే ఇరవై వేలు దాటుతుంది. సీసీ చూసి కూర్చేవాడు రెండింటికీ ఒకే ప్రొపెల్లర్ ఇస్తాడు. ఇంజిన్ గొంతు ఏ వేగం దగ్గర విచ్చుకుంటుందో విని కూర్చేవాడు వేరు వేరుగా ఇస్తాడు. పాత ఇంజిన్ విషయంలో సీసీ కేవలం ఇంటిపేరు. మనిషి ఎలాంటివాడో దానివల్ల తెలియదు.

నాలుగు నుంచి రెండుకు

మళ్లీ ఫాక్స్ దగ్గరకు వద్దాం, ఎందుకంటే ఈ విద్య శిఖరం అక్కడుంది. స్టంట్ విమానానికి అత్యధిక శక్తి అక్కరలేదు. కావలసినప్పుడు వచ్చి, అక్కరలేనప్పుడు వెనక్కు తగ్గే శక్తి కావాలి. కంట్రోల్ లైన్ పైలట్‌కు థ్రాటిల్ లేదు. విమానం గాలిలోకి లేచాక ఇంజిన్ మీద అతనికి ఏ అధికారమూ లేదు. మరి పైకి ఎక్కేటప్పుడు బలం ఎవరు ఇస్తారు, కిందికి దూకేటప్పుడు ఎవరు పట్టుకుంటారు?

నీడిల్ వాల్వ్‌ను కాస్త తెరిచి, ఇంధనం ఎక్కువగా ఉండేలా ఫాక్స్‌ను సర్దుతారు. అప్పుడు ఈ రెండు స్ట్రోకుల ఇంజిన్ ప్రతి చుట్టుకీ కాక చుట్టు విడిచి చుట్టుకు మండుతుంది. మోడలర్లు దీన్ని ఫోర్ సైకిల్ అంటారు. శబ్దం మందంగా, నిదానంగా ఉంటుంది. విమానం సమతలంగా ఎగిరినంతసేపూ అదే గొంతు. ముక్కు పైకి తిప్పగానే బరువు పెరుగుతుంది, ఇంధనం పలచబడుతుంది, సిలిండర్ తలకు వేడి ఎక్కుతుంది. ఇంజిన్ ఒక్కసారిగా ప్రతి చుట్టుకూ మండటం మొదలుపెడుతుంది. గొంతు పైస్థాయికి మారుతుంది, బలం వస్తుంది. విన్యాసం ముగిసి విమానం సమతలానికి రాగానే మళ్లీ నాలుగుకు దిగుతుంది. నాలుగు, రెండు, నాలుగు: ఈ మార్పును ఎవరూ మీట నొక్కి చేయరు. ఇంజిన్ తనంతట తాను చేసుకుంటుంది. అది సరైన చోట జరిగేలా చూసేది ఇంధనం, ట్యాంకు ఎత్తు, వీటితో పాటు ప్రొపెల్లర్.

ప్రొపెల్లర్ మరీ తేలికైతే పైకి ఎక్కేటప్పుడు కూడా ఇంజిన్‌కు బరువు తెలియదు, మార్పు ఆలస్యంగా వస్తుంది లేదా రానే రాదు. మరీ బరువైతే సమతలంలోనే వేడెక్కి రెండుకు ఎక్కి కూర్చుంటుంది, మళ్లీ దిగదు. 10×6 ఈ రెండింటి మధ్య ఇరుకైన చోట నిలబడింది.

పిచ్ చేసే ఉపకారం ఇంకా ముచ్చటగా ఉంటుంది. 60 అడుగుల తీగల మీద విమానం పైలట్ చుట్టూ సుమారు 19 మీటర్ల వ్యాసార్ధంలో తిరుగుతుంది. చుట్టుకు 5.3 సెకన్లు పడితే వేగం గంటకు 81 కిలోమీటర్లు. తొమ్మిది వేల చుట్ల దగ్గర 10×6 పిచ్ వేగం 82 కిలోమీటర్లు. రెండు వేగాలూ దాదాపు పక్కపక్కనే నడుస్తున్నాయి. దీని ఫలం చూడండి. విమానం కిందికి దూకి వేగం పుంజుకోబోతే, బ్లేడు గాలిని తాకే కోణం తగ్గిపోయి లాగే బలం పడిపోతుంది. ప్రొపెల్లరే పగ్గంలా పనిచేస్తుంది. పైకి ఎక్కుతూ వేగం తగ్గబోతే ఆ కోణం పెరిగి లాగే బలం పెరుగుతుంది. పిచ్ 8 ఉన్న ప్రొపెల్లర్ అయితే దూకేటప్పుడు కూడా లాగుతూనే ఉంటుంది, విమానం పైలట్ చేతిని మించిపోతుంది. తీగల పొడవు, చుట్టు సమయం, ఇంజిన్ గొంతు, చెక్క మలుపు: ఇవన్నీ ఒకదానికొకటి జవాబు చెప్పుకునే ఈ అమరికను చూసినప్పుడల్లా, ఇంత తక్కువ వస్తువులతో ఇంత నిండైన నియంత్రణ సాధించినవాళ్ల మీద నాకు గౌరవం పెరుగుతుంది. ఎలక్ట్రానిక్ గవర్నర్ చేసే పనిని చెక్కముక్క చేసింది.

తప్పు జోడీ చేసే నష్టం

జోడీ కుదరకపోతే నష్టం ఎప్పుడూ ఇంజిన్‌కే. బరువు ఎక్కువైన గ్లో ఇంజిన్‌లో చుట్లు తగ్గి, మిశ్రమం పిస్టన్ పైకి రాకముందే మండుతుంది. పైకి వచ్చే పిస్టన్‌ను మంట కిందికి కొడుతుంది. ఆ దెబ్బ కనెక్టింగ్ రాడ్ కింది కన్ను మీద, క్రాంక్ పిన్ మీద పడుతుంది. తల వేడెక్కుతుంది, ఎగ్జాస్ట్ నూనె నల్లగా మారుతుంది. డీజిల్‌లో ఇంకా కఠినం: పెద్ద ప్రొపెల్లర్‌కు మార్చినప్పుడు ఒత్తిడి కాస్త సడలించాలి, చిన్నదానికి మార్చినప్పుడు కాస్త బిగించాలి. అది మరచి పాత బిగింపు మీదే పెద్ద ప్రొపెల్లర్ తిప్పితే ఇంజిన్ మూలుగుతుంది, దాన్ని విన్నవాళ్లు వెంటనే అడ్డుకడ్డీ మీద చెయ్యి వేస్తారు. స్పార్క్ ఇంజిన్‌లో ఈ సర్దుబాటు పాయింట్ల మీట దగ్గర ఉంటుంది. పెద్ద ప్రొపెల్లర్‌తో నెమ్మదిగా తిరిగే ఇంజిన్‌కు స్పార్కు అంత ముందుగా రానక్కరలేదు.

బరువు తక్కువైతే నష్టం నిశ్శబ్దంగా మొదలవుతుంది. ఇంజిన్ ఉత్సాహంగా అరుస్తుంది కాబట్టి బాగా నడుస్తోందని అనిపిస్తుంది. కానీ పిస్టన్‌ను ప్రతి చుట్టులో ఆపి, వెనక్కు తిప్పే బలం చుట్ల వేగంతో వర్గంలో పెరుగుతుంది. ఎనిమిది వేల కోసం చేసిన ఇనుప పిస్టన్‌ను పన్నెండు వేలకు తోలితే రాడ్ మీద ఆ లాగుడు రెండింతలు దాటుతుంది. విమానం గాలిలో ముందుకు సాగేకొద్దీ ప్రొపెల్లర్ బరువు ఇంకా తగ్గి, నేల మీద చూసిన చుట్ల కంటే గాలిలో చుట్లు పెరుగుతాయి. కాబట్టి నేల మీద హద్దు దగ్గర నిలిచిన పాత ఇంజిన్ గాలిలో హద్దు దాటుతుంది. అనుభవం ఉన్నవాళ్లు నేల మీద కాస్త బరువుగా అనిపించే ప్రొపెల్లర్‌నే ఎంచుకోవడం ఇందుకే.

చెక్క పని

ఇక ప్రొపెల్లర్‌ను చేతితో చెక్కే పద్ధతి. గట్టి మేపుల్ లేదా బీచ్ చెక్క, పోగు నిలువునా కొస నుంచి కొసకు సాగాలి. బ్లేడు ఏ చోట ఎంత వాలాలో జ్యామితి చెబుతుంది. ఒక చుట్టులో బ్లేడు మీది ప్రతి బిందువూ ఆరు అంగుళాలే ముందుకు పోవాలి. కానీ మధ్యకు దగ్గరున్న బిందువు చిన్న వృత్తం తిరుగుతుంది, కొస పెద్ద వృత్తం తిరుగుతుంది. అందువల్ల 10×6లో మధ్య నుంచి రెండు అంగుళాల దగ్గర వాలు 25.5 డిగ్రీలు, 3.75 అంగుళాల దగ్గర 14.3, కొసన 10.8. బ్లేడు మెలిక అంతా ఈ మూడు సంఖ్యల మధ్య ప్రయాణం.

దీన్ని కోణమానిని లేకుండా చెక్కడంలోనే పాతవాళ్ల తెలివి. చెక్క దిమ్మె మందాన్ని వెడల్పుతో భాగిస్తే ఆ చోటి వాలు వచ్చేలా దిమ్మెను ముందే కోస్తారు. 3.75 అంగుళాల దగ్గర వెడల్పు ఒక అంగుళం ఉంటే మందం పావు అంగుళానికి వెంట్రుకవాసి ఎక్కువ. ఆ దిమ్మెలో ఎదురెదురు అంచులను కలుపుతూ మొదట వెనక ముఖం చెక్కుతారు. ఆ ముఖం వచ్చిందంటే పిచ్ వచ్చేసినట్టే. తరువాత ముందు ముఖానికి ఉబ్బు ఇస్తూ, వెనక అంచును పలచన చేస్తూ, ముందు అంచును గుండ్రం చేస్తూ పోతారు. కత్తి, ఆకురాయి, గాజు పెంకు, ఇసుక కాగితం. ఆఖరున వార్నిష్ లేదా లక్క పూత. కొసల దగ్గర చెక్క కాగితమంత పలచగా దిగాలి, మధ్య దగ్గర ఇంజిన్ దెబ్బలన్నీ తట్టుకునే దిట్టం ఉండాలి. ఒకే ముక్కలో ఈ రెండు గుణాలూ తేవడం చూసి ఏ వడ్రంగి అయినా తల ఊపుతాడు.

తూకం అంతే ముఖ్యం. పది వేల చుట్ల దగ్గర పదంగుళాల ప్రొపెల్లర్ కొస సెకనుకు 133 మీటర్ల వేగంతో పోతుంది. ఆ వేగంలో ఒక బ్లేడు ఇసుమంత బరువైనా ఆ తేడా కంచు బుష్‌ను ఒక పక్కకే అరగదీస్తుంది, ట్యాంకులో ఇంధనాన్ని నురగ చేస్తుంది, నీడిల్ సర్దుబాటును చెడగొడుతుంది. నున్నటి ఇరుసు మీద ప్రొపెల్లర్‌ను నిలిపి, దిగుతున్న బ్లేడు ముందు ముఖాన్ని రుద్ది సరిచేస్తారు. చాలా కొద్ది తేడా అయితే తేలిక బ్లేడుకు ఇంకో పూత వార్నిష్ వేస్తారు. మధ్య రంధ్రాన్ని డ్రిల్‌తో పెద్దది చేయరు, రీమర్‌తో తిప్పుతారు, ఎందుకంటే డ్రిల్ పక్కకు జరిగి చేసిన తూకమంతా పాడుచేస్తుంది. తరువాత బిగించి నెమ్మదిగా తిప్పుతూ రెండు కొసలూ ఒకే గీతలో పోతున్నాయా అని చూస్తారు. మొదటిసారి నడిచాక నట్‌ను మళ్లీ బిగించాలి; చెక్క నలిగి కాస్త సర్దుకుంటుంది.

నేటి గాజు పీచు కలిపిన నైలాన్ ప్రొపెల్లర్లు చెక్కకన్నా కచ్చితమైన ఆకారంలో వస్తాయి, గాలిలో వాటి సామర్థ్యం గొప్పది. అయినా పాత ఇంజిన్‌కు చెక్కే మేలంటాను. విమానం ముక్కు నేలకు తగిలితే చెక్క విరిగి దెబ్బను తాను తింటుంది. విరగని ప్రొపెల్లర్ అదే దెబ్బను క్రాంక్ షాఫ్ట్‌కు అందిస్తుంది. ప్రొపెల్లర్ మళ్లీ చెక్కుకోవచ్చు; డెబ్బై ఏళ్ల కిందటి క్రాంక్ షాఫ్ట్ మళ్లీ దొరకదు.

కొలిచే పద్ధతి

ప్రొపెల్లర్ ఇంజిన్‌కు బరువు మాత్రమే కాదు, దాన్ని కొలిచే సాధనం కూడా. బ్రిటిష్ మోడల్ పత్రికల్లో ఇంజిన్ పరీక్షలు రాసిన లారెన్స్ స్పేరీ, రాన్ వారింగ్, పీటర్ చిన్ లాంటివాళ్ల నివేదికలు దశాబ్దాల తరువాత కూడా ఈ విద్యకు ఆధారం. ఏ ప్రొపెల్లర్‌తో ఎన్ని చుట్లు అన్న వివరం అలాంటి నివేదికలకు ప్రాణం. ఒక ప్రొపెల్లర్‌ను ఒక వేగంతో తిప్పడానికి కావలసిన శక్తి స్థిరం కాబట్టి, అదే ప్రొపెల్లర్‌ను పది వేల బదులు పదకొండు వేలకు తిప్పిన ఇంజిన్ 33 శాతం ఎక్కువ శక్తి ఇస్తోందని చెప్పేయవచ్చు. మనింట్లో ఉన్న పాత ఇంజిన్ అరిగిందో లేదో తెలుసుకోవడానికి కూడా ఇదే దారి.

చుట్లు లెక్కించడానికి పూర్వం ఒక తీగ సాధనం ఉండేది. సన్నని తీగను మెల్లగా బయటికి లాగుతూ ఇంజిన్‌కు ఆనిస్తే, ఇంజిన్ అదురుతో తీగ లయ కుదిరిన చోట దాని కొస వెడల్పుగా ఊగేది; తీగ పొడవే చుట్ల సంఖ్య చెప్పేది. ఇప్పుడు బ్లేడ్లు అడ్డుపడే వెలుగును లెక్కించే చిన్న టాకోమీటర్లు వచ్చాయి. వాటిని సరిచూసుకోవడానికి మన ఇళ్లలోని చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైటు చాలు. మన 50 హెర్ట్జ్ కరెంటు మీద ఆ లైటు సెకనుకు వందసార్లు మినుకుతుంది. రెండు బ్లేడ్ల అమరికలో టాకోమీటర్ సరిగ్గా 3,000 చూపాలి. అమెరికాలో అయితే 3,600.

మన దగ్గర

ఈ విద్యకు మన నేలతో సంబంధం లేకపోలేదు. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ క్యాడెట్లకు ఏరోమోడలింగ్ శిక్షణలో భాగం. కోల్‌కతాలో అరోరా పేరుతో మిల్స్ నమూనా డీజిల్ ఇంజిన్లు తయారయ్యాయి. ఇక ఈ ఇంజిన్ల నరాల్లో తిరిగే నూనె మనకు బాగా తెలిసినదే. ఫాక్స్ 35 లాంటి ఇనుప పిస్టన్ ఇంజిన్‌కు ఇంధనంలో పాతిక శాతానికి పైగా ఆముదం కావాలి. తక్కిన నూనెలు వేడికి కాలిపోయే చోట ఆముదం పొర లోహాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. పాలమూరు, నల్లగొండ మెట్ట చేలల్లో పండే ఆ గింజ నూనే డ్యూక్ ఫాక్స్ ఇంజిన్‌నూ ఇంగ్లండ్ మిల్స్‌నూ కాపాడింది.

ఇంట్లోనో, కళాశాల సామాన్ల గదిలోనో అలాంటి ఇంజిన్ దొరికినవాళ్లకు నా సలహా ఇది. మొదట దాని కాలం కనుక్కోండి, తరువాత అది దేనితో మండుతుందో, ఆపైన సీసీ. ఆ కాలపు ఇంజిన్‌కు ఆనాటివాళ్లు వాడిన పొడవుతో, తక్కువ పిచ్ ఉన్న చెక్క ప్రొపెల్లర్‌తో మొదలుపెట్టండి. బ్లేడ్లు తిరిగే గీతలో ఎవరూ నిలబడకూడదు. వేలికి బదులు కర్రతో తిప్పండి. కొంత ఇంధనం ఎక్కువగానే నడపండి. చుట్లు రాసుకోండి. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా ఇంజిన్ ఒకే గొంతుతో నడిచిందా, తల వేడెక్కి చివర్లో కుంగిందా, ఎగ్జాస్ట్ నూనె ఏ రంగులో ఉందో చూడండి. కుంగితే పావు అంగుళం కోయండి. అరిస్తే పెద్దది బిగించండి.

ఈ పనిలో పెద్ద చుట్ల సంఖ్య మెప్పు కాదు. కొత్త ఇంజిన్‌ను ఎంత వేగంగా తిప్పగలిగామన్నది గొప్పగా చెప్పుకోవచ్చు. పాత ఇంజిన్ దగ్గర నైపుణ్యమంటే దాన్ని చేసినవాడు ఏ పని కోసం చేశాడో ఆ పనికి సరిగ్గా సరిపోయే బరువును దాని ముందు పెట్టడం. బ్రౌన్‌కు 14×6, మిల్స్‌కు 9×4, బేబ్ బీకి 6×3, ఫాక్స్‌కు 10×6: ఇవి పట్టికలో వరసలు కావు. ఒక్కో తరం మోడలర్లు కోసి, రుద్ది, ఎగరేసి, విని తేల్చిన తీర్పులు. ఆ తీర్పులను పాటించినంతకాలం ఆ ఇంజిన్లు పనిచేస్తూనే ఉంటాయి, ఎందుకంటే వాటిని చేసినవాళ్ల పనిలో లోపం లేదు.